రసమట్టానికి లొంగని గిటార్

ఆ రోజు పొద్దున మేస్త్రీ వేసుకున్న పథకం అచ్చంగా అరగంట పని. భార్య గిటార్‌కు ఉన్న పాత తీగలు ఆరూ విప్పాలి, కొత్తవి ఆరూ కట్టాలి, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి, పెట్టెలో పెట్టి మూత వేయాలి. ఆ తర్వాత టీ తాగాలి. ఈ పథకంలో అనుకున్నట్టు జరిగింది టీ ఒక్కటే. అదీ చల్లారిపోయాక.

ఆయన టైల్స్ వేసే మేస్త్రీ. తెలిసినవాళ్లందరూ రసమట్టం మేస్త్రీ అంటారు. గాజుగొట్టంలో బుడగ అటూ ఇటూ కదిలే ఆ పట్టీ లేకుండా ఆయన గడప దాటడు. బుడగ నడిమధ్య నిలబడితే నేల సమంగా ఉన్నట్టు, పక్కకు జరిగితే ఎవడో పని చెడగొట్టినట్టు. చుట్టాలింటికి వెళ్లినా సరే, మంచినీళ్లు పుచ్చుకునే ముందు వాళ్ల బల్ల మీద రసమట్టం పెట్టి చూసేవాడు. చుట్టాలు పిలవడం తగ్గించారు.

ఇరవై ఏళ్లు మోకాళ్ల మీద కూర్చుని పనిచేసిన పుణ్యాన ఆయన కుడి మోకాలు ఆమధ్య మొరాయించింది. ఆపరేషన్ అయింది. ఆయన భార్య నర్సు. ఆరు నెలల పాటు ఆవిడే ఆయన్ని లేపింది, నడిపించింది, కసిరింది, మళ్లీ నడిపించింది. ఇవాళ ఆయన కుంటకుండా నడుస్తున్నాడంటే అదంతా ఆవిడ చలవే. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. చెప్పడమే చేతకాదు. “నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో” అన్న మాట చాలాసార్లు గొంతు దాకా వచ్చింది. తీరా నోరు తెరిచేసరికి అది దగ్గుగా మారి బయటపడేది. ఆవిడ దగ్గుమందు తెచ్చి ఇచ్చేది.

ఆ సాయంత్రం ఆరింటికి ఆసుపత్రి హాలులో పెద్ద సిస్టర్ పదవీ విరమణ సభ. పెద్ద సిస్టర్ అంటే నర్సులందరికీ పై నర్సు. “ఉపన్యాసాలు వద్దు, పొగడ్తలు వద్దు, థాంక్సులు అసలే వద్దు. ఎవరైనా ఏడిస్తే ఇంజక్షన్ చేస్తాను” అని వారం ముందే నోటీసు అంటించిన మనిషి. మేస్త్రీ మంచాన పడ్డ ఆరు నెలలూ ఆయన భార్య డ్యూటీలన్నీ అటూ ఇటూ మార్చి, అడక్కుండానే సాయం చేసింది ఆవిడే. కృతజ్ఞత చెప్పుకునే దారి లేక మేస్త్రీ భార్య గిటార్‌ను ఆశ్రయించింది. పాట ఒకటి తనే కట్టింది. అందులో మాటల్లేవు కాబట్టి నోటీసు దానికి వర్తించదు.

నెల రోజులుగా ఆవిడ మధ్యాహ్నం భోజనం మానేసి, ఆసుపత్రిలో దుప్పట్లు దాచే గదిలో తలుపేసుకుని, చిన్న స్పీకరు పెట్టుకుని సాధన చేసింది. ఆ ఎలక్ట్రిక్ గిటార్‌కు ఒక లోహపు చేయి ఉంటుంది. పాట చివర్లో దాన్ని మెల్లగా నొక్కి వదిలితే స్వరం గాలిలో దీపంలా వణుకుతుంది. ఆ వణుకు కోసమే పాటంతా కట్టానని ఆవిడ మేస్త్రీకి పదిసార్లు చెప్పింది, ఇరవైసార్లు వినిపించింది. తీగలు తుప్పు పట్టాయని కొత్తవి కొని బల్ల మీద పెట్టి, “నాలుగింటికి వచ్చి నేనే మార్చుకుంటా, మీరు ముట్టుకోకండి” అని పొద్దున ఏడింటికి డ్యూటీకి వెళ్లింది.

ముట్టుకోవద్దన్న మాట మేస్త్రీకి వినిపించింది. కానీ ఆవిడ అలిసిపోయి వచ్చి మళ్లీ తీగలు మార్చుకోవాలా? చెప్పలేని మాటను చేసి చూపించడానికి ఇంతకన్నా మంచి అదను దొరుకుతుందా? ఏడుంబావుకల్లా గిటార్ బల్ల మీద ఉంది, తీగలు ఆరూ నేల మీద ఉన్నాయి.

ఆరో తీగ ఊడగానే ‘కటక్’ మని చప్పుడైంది. తీగలు వచ్చి తగులుకునే లోహపు పలక, బ్రిడ్జి అంటారు దాన్ని, గిటార్ పొట్టలోకి దిగబడిపోయింది. ఈ రకం గిటార్‌లో బ్రిడ్జిని దేనికీ బిగించరు. ముందు నుంచి ఆరు తీగలు లాగుతుంటాయి, వెనక పొట్టలోంచి స్ప్రింగులు లాగుతుంటాయి. రెండు పక్షాలూ సమానంగా లాగినంత సేపూ అది తిన్నగా నిలబడుతుంది. సంసారంలాగే. అందుకే తెలిసినవాళ్లు తీగలు ఒక్కొక్కటే మారుస్తారు. మన మేస్త్రీకి తెలిసింది నేల. నేల మీద పాత టైల్స్ మొత్తం పెకిలిస్తేనే కొత్తవి వేయడం కుదురుతుంది.

ఆయన అలవాటు కొద్దీ రసమట్టం తీశాడు. బ్రిడ్జి మీద పెట్టాడు. బుడగ ఒక మూలకు పారిపోయింది. గిటార్ మెడ మీద ఇనుప స్కేలు నిలబెట్టి చూశాడు. స్కేలుకూ మెడకూ మధ్య, సరిగ్గా నడిమిలో, వెంట్రుకవాసి వెలుతురు కనిపించింది.

“అయ్యో! ఇన్నేళ్లుగా ఈ గుంట మీదే వాయిస్తోందా పిచ్చిది!” అని ఆయన మనసు కరిగిపోయింది.

మెడ చివర చిన్న కన్నం, అందులో ఒక మర కనిపించాయి. మంచం బిగించడానికి వాడే అలెన్ కీ దానికి సరిపోయింది. పావు చుట్టు తిప్పాడు, వెలుతురు తగ్గింది. సగం తిప్పాడు, ఇంకా తగ్గింది. ఒకటిన్నర చుట్టుకు వెలుతురు మాయమైంది. మెడ మీద రసమట్టం పెడితే బుడగ నడిమధ్యకు వచ్చి నిలబడింది. గిటార్ మెడకు ఆ కాస్త వంపు ఉండి తీరాలన్న సంగతి బుడగకూ తెలియదు, మేస్త్రీకీ తెలియదు.

ఇక తీగలు కట్టి, ఫోన్‌లో సూది కదిలే యంత్రం పెట్టుకుని శ్రుతి చేయడం మొదలుపెట్టాడు. మొదటి తీగ శ్రుతిలోకి వచ్చింది. రెండోది వచ్చింది. ఆరోది వచ్చేసరికి మొదటిది జారిపోయింది. దాన్ని సరిచేస్తే మిగతా ఐదూ జారిపోయాయి. ఆరుగురు పసివాళ్లను ఫొటోకు నిలబెట్టినట్టయింది. ఒకణ్ణి తిన్నగా నిలబెడితే ఇంకొకడు చతికిలబడుతున్నాడు. తొమ్మిదింటి నుంచి పదకొండింటి దాకా బిరడాలు తిప్పుతూనే ఉన్నాడు. ఇప్పుడు బ్రిడ్జి తోక లేపి, మొసలి నోరు తెరిచినట్టు పైకి లేచింది. పైగా ఏ తీగ మీటినా ‘జర్ర్ర్’ మంటోంది.

సరిగ్గా అప్పుడే భార్య ఫోన్ చేసింది.

“ఏవండీ, గిటార్ జోలికి వెళ్లలేదు కదా?”

“నేనా? దాని దగ్గరికి ఎందుకెళ్తా?”

“తీగల ప్యాకెట్టు బల్ల మీదే ఉందా?”

“ప్యాకెట్టు బల్ల మీదే ఉంది,” అన్నాడు మేస్త్రీ. ఇది అక్షరాలా నిజం. ప్యాకెట్టు ఉంది, తీగలే లేవు.

“ఎందుకో మనసు కీడు శంకిస్తోందండీ. సరే, పెట్టేయండి. మోకాలు జాగ్రత్త, ఎక్కువసేపు కింద కూర్చోకండి.”

కింద కూర్చునే ఉన్న మేస్త్రీకి ఈ చివరి మాట సూదిలా గుచ్చుకుంది. తప్పు ఒప్పుకుందామని నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది.

“దగ్గుమందు అలమరలో ఉంది,” అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

గత్యంతరం లేక ఆయన బామ్మర్దిని పిలిచాడు. బామ్మర్ది ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. చేతిలో పని ముగించుకుని రెండున్నరకు వచ్చాడు. వచ్చీ రాగానే గిటార్‌ను బోర్లా తిప్పి, వెనక మూత విప్పి, స్ప్రింగులు చూసి తల పంకించాడు.

“ఇదేముంది బావా, ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోతే ఏం చేస్తాం? స్ప్రింగు బిగిస్తాం.”

“ఇది ఫ్రిజ్ కాదురా.”

“బిగించేది ఏదైనా బిగించడం ఒకటే బావా. నువ్వు కాసేపు అటు చూడు.”

మేస్త్రీ అటు చూసి మళ్లీ ఇటు చూసేసరికి బ్రిడ్జి పొట్టలోకి మళ్లీ దిగబడింది. తీగలు మెడకు అతుక్కుపోయాయి. ఇప్పుడు జర్రుమనడం కూడా లేదు. అసలు చప్పుడే లేదు.

“చూశావా, గోల ఆగిపోయింది,” అన్నాడు బామ్మర్ది.

కోతి పుండు బ్రహ్మరాక్షసి అయిందని మేస్త్రీకి అప్పటికి పూర్తిగా అర్థమైంది. మధ్యాహ్నం మూడవుతోంది. గంటలో ఆవిడ వస్తుంది. నెల రోజులు తిండి మానేసి సాధన చేసిన పాట, చెప్పుకోలేని కృతజ్ఞత, మళ్లీ రాని సాయంత్రం, అన్నీ ఈ బల్ల మీద చచ్చుబడి ఉన్నాయి. మిగిలిన ఆశ ఒక్కటే. రెండు వీధుల అవతల గిటార్లు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. అందరూ గిటార్ల తాత అంటారు. గిటార్ పెట్టె నిండా భార్య అంటించిన రంగురంగుల బొమ్మలు ఉన్నాయి, వీధిలో ఎవరైనా గుర్తుపడతారు. అందుకని పెట్టె ఇంట్లోనే వదిలేసి, గిటార్‌ను దుప్పట్లో చుట్టి, స్కూటర్ మీద వెళ్లారు.

తాత దుకాణం మూసి ఉంది. తలుపు మీద కాగితం అంటించి ఉంది: ‘ఆసుపత్రి హాలులో స్పీకర్లు పెట్టడానికి వెళ్లాను.’

మేస్త్రీ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. ఎవరికి దొరక్కూడదో వాళ్లున్న చోటికే వెళ్లాలి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఆసుపత్రి గేటు దగ్గర ఖాళీగా ఉన్న చక్రాల కుర్చీని చూసి బామ్మర్ది కళ్లు మెరిశాయి.

“బావా, నువ్వు ఇందులో కూర్చో. గిటార్ ఒళ్లో పెట్టుకో, పైన దుప్పటి కప్పుతా. ఆసుపత్రిలో కుర్చీలో ఉన్నవాణ్ణి ఎవరూ పట్టించుకోరు.”

నిజానికి ఆసుపత్రిలో అందరూ పట్టించుకునేది కుర్చీలో ఉన్నవాణ్ణే. అందులోనూ మేస్త్రీ ఆరు నెలలు వైద్యానికి తిరిగిన మనిషి. గేటు కాపలాదారు ఆయన్ని చూసి, “నర్సమ్మగారి భర్త మళ్లీ వచ్చారు పాపం” అని ఊడ్చే ఆవిడతో అన్నాడు. ఊడ్చే ఆవిడ, “మళ్లీ అదే కాలట” అని మందులిచ్చే ఆయనతో అంది. మందులిచ్చే ఆయన, “రెండో కాలు కూడానట” అని లిఫ్ట్ దగ్గర చెప్పాడు. లిఫ్ట్ రెండో అంతస్తు చేరేసరికి వార్త ముదిరిపోయింది. “మీ ఆయన్ని దుప్పటి కప్పి తీసుకెళ్తున్నారు సిస్టర్, బాగా కొయ్యబారిపోయి ఉన్నాడట” అని ఎవరో వచ్చి మేస్త్రీ భార్యకు చెప్పారు. ఆవిడ చేతిలో ఉన్న ట్రే అక్కడే పెట్టి పరుగెత్తింది.

కింద వరండాలో వీళ్లకు పెద్ద సిస్టర్ ఎదురైంది.

“ఏమైంది? చీటీ ఏది?”

“మోకాలు, సిస్టర్,” అన్నాడు బామ్మర్ది.

పెద్ద సిస్టర్ దుప్పటి కేసి చూసింది. ఒక కొసన మేస్త్రీ పాదాలు రెండూ ఉన్నాయి. ఇంకో పక్క నుంచి మూడోది ఒకటి పొడుగ్గా బయటికి వచ్చి ఉంది. దానికి ఆరు బిరడాలు ఉన్నాయి. ఆవిడ ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

“ఎక్స్‌రే కుడివైపు. హాలు ఎడమవైపు,” అని చెప్పి వెళ్లిపోయింది.

“హాలు సంగతి మనం అడగలేదే?” అన్నాడు బామ్మర్ది. మేస్త్రీ దుప్పటిని బిరడాల మీదికి లాక్కున్నాడు.

హాలులో గిటార్ల తాత వైర్లు చుట్టుకుంటూ ఉన్నాడు. దుప్పటి తీసి గిటార్ చూశాడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు.

“దీన్ని ఎవరు చేశారు?”

“నేనే,” అన్నాడు మేస్త్రీ.

“నేను కొంచెం సాయం చేశా,” అన్నాడు బామ్మర్ది.

అప్పుడే హాలు తలుపు దభాలున తెరుచుకుంది. మేస్త్రీ భార్య ఆయాసపడుతూ వచ్చి చక్రాల కుర్చీ ముందు మోకాళ్ల మీద కూలబడింది. గిటార్ కేసి చూడనైనా లేదు. ఆయన పంట్లాం మోకాలి పైకి మడిచి, నొక్కింది, వంచింది, చాపింది, మళ్లీ వంచింది.

“ఇక్కడ నొప్పా?”

“లేదు.”

“ఇక్కడ?”

“లేదు. నాకేం కాలేదు.”

“అమ్మయ్య,” అని ఆవిడ నేల మీద కూర్చుండిపోయింది. “ఏం కాలేదు. మోకాలు బాగుంది. చాలు. ఇంకేమీ అక్కర్లేదు నాకు.”

ఆ తర్వాత ఆవిడ తల ఎత్తి ఆయన ఒళ్లో ఉన్నది చూసింది. బామ్మర్ది స్పీకరు వెనక్కి తప్పుకున్నాడు.

“తీగలు మార్చుదామనుకున్నా,” అన్నాడు మేస్త్రీ.

“ఒక్కొక్కటే మార్చాలండీ.”

“అన్నీ ఒకేసారి విప్పేశా.”

“మెడ?”

“తిన్నగా చేశా.”

ఆవిడ కళ్లు మూసుకుంది. ఆ ముఖం చూసేసరికి మేస్త్రీ గొంతులో ఎప్పుడూ అడ్డుపడే దగ్గు ఏమైందో ఏమో, మాట సూటిగా బయటికి వచ్చేసింది.

“ఆరు నెలలు నన్ను మోశావు. నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో. ఇవాళ రెండు కాళ్ల మీద నిలబడ్డానంటే అది నీ వల్లే. చెప్పడం చేతకాక, ఏదో ఒకటి చేద్దామని మొదలుపెట్టా. ఇలా చేశా.”

ఆవిడ కళ్లు తుడుచుకుంది. కోపంగా ఉందో నవ్వుగా ఉందో ఆవిడకే తెలిసినట్టు లేదు.

“ఈ నాలుగు ముక్కలూ ఇంట్లోనే చెప్పి ఉంటే సరిపోయేది కదండీ. గిటార్ బతికిపోయేది.”

“ఇంకా చావలేదమ్మా,” అన్నాడు తాత. “ఏడుపులు తర్వాత. టైమెంత?”

నాలుగున్నర. తాత మేస్త్రీ చేతిలోంచి అలెన్ కీ లాక్కుని మెడ మరను వెనక్కి తిప్పాడు. “గిటార్ మెడంటే నేల కాదు నాయనా. తీగ ఊగాలి. ఊగాలంటే దానికి కాస్త చోటు కావాలి. ఆ వంపే ఆ చోటు.” తర్వాత వెనక స్ప్రింగులు చూసి నిట్టూర్చాడు. “దీన్ని మళ్లీ సరితూచి నిలబెట్టాలంటే ఈ సాయంత్రం సరిపోదు. ఏదైనా అడ్డం పెట్టి కదలకుండా చేస్తే తప్ప.”

మేస్త్రీ చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లింది. టైల్స్ మధ్య సందులు సమంగా రావడానికి పెట్టే బుల్లి ప్లాస్టిక్ ముక్కలు గుప్పెడు బయటికి వచ్చాయి. “స్పేసర్లు పనికొస్తాయా?” అని భయంభయంగా అడిగాడు.

తాత వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. బ్రిడ్జి కింద పొట్టలోకి దిగి ఉండే లోహపు దిమ్మకు ముందు నాలుగు, వెనక నాలుగు చొప్పున దూర్చమన్నాడు. వెంట్రుకవాసి సందులో ముక్కలు దూర్చడం మేస్త్రీ బతుకంతా చేసిన పని. ఆ వేళ్లు ఈసారి తడబడలేదు. బ్రిడ్జి శిలలా నిలబడింది. తీగలు ఆరూ ఒక్కొక్కటే శ్రుతిలోకి వచ్చి, వచ్చిన చోటే ఉన్నాయి.

“ఇక ఆ లోహపు చేయి తీసి పక్కన పెట్టమ్మా. అది పనిచేయదు,” అన్నాడు తాత.

“మరి చివర్లో వణుకు?”

“వణుకు లేదు.”

ఆవిడ కాసేపు ఆ చేతిని పట్టుకునే ఉండిపోయింది. తర్వాత మెల్లగా ఊడదీసి బల్ల మీద పెట్టింది. తన వల్ల పోయింది ఏమిటో మేస్త్రీకి అప్పుడు తెలిసింది. ఆయన పొద్దున్నుంచి పడ్డ బాధంతా ఒక ఎత్తు, ఆ ఒక్క క్షణం ఒక ఎత్తు.

ఆరింటికి హాలు నిండింది. పెద్ద సిస్టర్ ముందు వరసలో చేతులు కట్టుకుని, ఎవరైనా ఏడుస్తారేమో చూస్తూ కూర్చుంది. మేస్త్రీ భార్య వాయించడం మొదలుపెట్టింది. పాట సగంలో ఉండగా ‘టప్’ మని సన్న తీగ తెగింది. పొద్దున రెండు గంటల పాటు దాన్ని ఎన్నిసార్లు బిగించి వదిలారో దానికే తెలియాలి. మామూలుగా అయితే ఈ రకం గిటార్‌లో ఒకటి తెగితే బ్రిడ్జి తూకం తప్పి మిగతా ఐదూ శ్రుతి తప్పుతాయి, పాట అక్కడితో సరి. మేస్త్రీ కుర్చీలోంచి సగం లేచాడు. కానీ స్పేసర్లు కదల్లేదు. ఐదు తీగలూ చెక్కుచెదరలేదు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, వేళ్లు మార్చుకుని, ఆ ఐదింటి మీదే పాటను చివరిదాకా నడిపించింది. చివరి స్వరం ఏ వణుకూ లేకుండా, నిదానంగా, తిన్నగా వెళ్లి ఆగింది.

పెద్ద సిస్టర్ లేచి నిలబడింది. ఎవరికి ఇంజక్షనో అని అందరూ బిక్కచచ్చి చూశారు. ఆవిడ నేరుగా వచ్చి మేస్త్రీ భార్య చెయ్యి పట్టుకుంది.

“దుప్పట్ల గది పక్కనే నా గది. నెల రోజులుగా ఈ పాట గోడవతల నుంచి వింటున్నా. ప్రాణం లేచొచ్చేది. కానీ చివర్లో ఒక వణుకు పెట్టేదానివి చూడు, అది విన్నప్పుడల్లా నాకు పళ్లు జివ్వుమనేవి. నువ్వు కొత్తగా చేరినప్పుడు సూది పట్టుకుంటే నీ చెయ్యి అచ్చం అలాగే వణికేది. అది మాన్పడానికి నాకు మూడు నెలలు పట్టింది. వెళ్లిపోయే రోజున మళ్లీ అదే వినాలా అని బెంగపెట్టుకున్నా. ఇవాళ ఎంత తిన్నగా వాయించావే తల్లీ! ఆ వణుకు తీసేసిన మహానుభావులెవరో గానీ, వాళ్లకి నా థాంక్స్.”

నోటీసు రాసిన మనిషే దాన్ని తుంగలో తొక్కింది. కళ్లు కూడా తుడుచుకుంది. మేస్త్రీ భార్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కలిపి చేసింది. “థాంక్స్ పెద్ద సిస్టర్, అన్నిటికీ,” అంది. “ఆ మాట వద్దన్నానా?” అని పెద్ద సిస్టర్ కసిరింది గానీ, పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

మేస్త్రీ ఇంటికి వెళ్లేటప్పుడు స్కూటర్ మీద దారి పొడుగునా నిటారుగా కూర్చున్నాడు. “ఇంకేమైనా సరిచేయాల్సినవి ఉంటే మొహమాటపడకుండా చెప్పు,” అన్నాడు భార్యతో. ఆవిడ ఆయన భుజం మీద తల ఆన్చి, “మీరు ఇందాక హాలులో చెప్పిన ఆ నాలుగు ముక్కలూ ఇంకోసారి చెప్పండి,” అంది. ఆయన చెప్పాడు. దగ్గు రాలేదు.

మర్నాడు పొద్దున మేస్త్రీ లేచేసరికి గిటార్ పెట్టెకు కొత్త తాళం వేసి ఉంది.